కదలని బండి, కదిలే తేమ

రోజూ దారిన తిరిగే బండి కన్నా దొడ్డిలో కదలకుండా నిలిచిన బండి త్వరగా పాడవుతుందన్న సంగతి ఉత్తర తెలంగాణ పల్లెల్లో వడ్రంగులకూ కమ్మరులకూ ట్రాక్టరు మెకానిక్కులకూ సమానంగా తెలిసినదే. అయితే ఆ పాడు చేసేది వానా, ఎండా, చలా, నేలా అని విడదీసి చెప్పడం మాత్రం అంత సులువు కాదు. భౌతిక, రసాయన శాస్త్రాల దృష్టితో పరిశీలిస్తే ఈ నాలుగింటి వెనుకా పనిచేసేది ప్రధానంగా నీరే. ఆ నీరు వానగా పైనుంచి పడినప్పటి కన్నా, ఆవిరిగా నేల నుంచీ గాలి నుంచీ చేరి, తిరిగి పోవడానికి దారి లేక చిక్కుకుపోయినప్పుడే ఎక్కువ నష్టం కలిగిస్తుంది. వానను ఆపడానికి బిగించి కట్టిన పరదా ఒక్కొక్కప్పుడు వాన కన్నా ఎక్కువ హాని చేయడానికి కారణం ఇదే.

ఐరోపాలోనూ ఉత్తర అమెరికాలోనూ సెలవుల్లో వెంట తీసుకుపోయే ఇల్లు వంటి వాహనాన్ని, అంటే పడకా పొయ్యీ నీటి తొట్టీ అమర్చిన క్యాంపర్‌ను, చలికాలమంతా కదలకుండా నిలిపి ఉంచడం ఆనవాయితీ. నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది కనుక, గొట్టాల్లో మిగిలిన నీరు వాటిని పగలగొట్టకుండా ముందుగానే ఖాళీ చేయడం అక్కడి వారి మొదటి జాగ్రత్త. తెలంగాణలో చలికి పేరుపడిన ఆదిలాబాద్ ప్రాంతంలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 5 డిగ్రీల కన్నా కిందికి దిగినా, గొట్టాల్లో నీరు గడ్డకట్టి పగిలే ముప్పు లేదు. ఆ ఒక్క భయాన్ని పక్కన పెడితే, మంచు దేశాల్లో క్యాంపర్‌ను పీడించే కష్టాలన్నీ, అంటే చెక్క ఉబ్బడం, ఇనుము తుప్పు పట్టడం, బూజు, ఎలుకలు, పెళుసుబారే రబ్బరు, చచ్చిపోయే బ్యాటరీ, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల బండ్లకూ ఉన్నాయి. కాలం మాత్రమే మారుతుంది. అక్కడ బండి శీతాకాలంలో ఆగుతుంది, ఇక్కడ ఎక్కువగా వానాకాలంలో ఆగుతుంది.

ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలు 2016 అక్టోబరు 11న చిన్న జిల్లాలుగా విడిపోయినా, ఆ హద్దులను వాతావరణం లెక్కపెట్టదు. గోదావరికి ఇరువైపులా పరుచుకున్న ఈ నేల మీద వేసవి మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు, ఆ వేళ గాలిలో సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ వేడిలో గాలి మోయగలిగిన ఆవిరిలో నిజంగా ఉన్న పాలు, 30 శాతానికి దిగువకు జారుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు నిలకడగా ఉన్న వారాల్లో అదే ఆర్ద్రత 80 శాతం పైన నిలుస్తుంది. ఆ తరువాత వచ్చే చలికాలంలో పగలు పొడిగా, వెచ్చగా ఉండి, రాత్రి ఆకాశం తేటపడి, తెల్లవారేసరికి గడ్డిపరక నుంచి ఇనుప రేకు దాకా అన్నీ తడిసి కనిపిస్తాయి. ఒకే బండి ఒకే ఏడాదిలో ఎడారి గాలినీ, చిత్తడి గాలినీ, రాత్రి మంచునూ భరించవలసి రావడం ఈ ప్రాంతపు ప్రత్యేకత. నిలకడగా చలిగా ఉండే చోటు కన్నా, నిలకడగా తడిగా ఉండే చోటు కన్నా, ఇలా అటూ ఇటూ ఊగే చోటే పదార్థాలకు కఠిన పరీక్ష.

ఇంటిని వెంటబెట్టుకుని పోయే బండి తెలుగు నేలకు పరాయిదేమీ కాదు. వెదురు బద్దల మీద చాపో తడకో కప్పిన గూడుబండిలోనే పెళ్ళిళ్ళకూ జాతరలకూ కుటుంబాలు తరలివెళ్ళేవి. కాస్త కలిగినవారి ఇళ్ళలో సవారి కచ్చురం, అంటే ప్రయాణాలకు వాడే బండి, ఉండేది. రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతరకు కరీంనగర్ పల్లెల నుంచి ఎడ్లబండ్లు బారులు కట్టి వెళ్ళి, బండి కిందనే వంట, బండిలోనే నిద్రగా రోజుల తరబడి అక్కడ నిలిచేవి. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యనాడు మొదలయ్యే నాగోబా జాతరకు ముందు, ఆ జాతర జరిపే మెస్రం వంశీయులు జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్ళి గోదావరి జలం తెస్తారు. వారి కుటుంబాలు ఎడ్లబండ్లలో కేస్లాపూర్ చేరి మర్రిచెట్ల కింద విడిది చేసే సంప్రదాయం ఉంది. క్యాంపర్ అన్న మాటకు ఇంతకన్నా దగ్గరి తెలుగు ఉదాహరణ వెదకనక్కరలేదు. జాతర జరిగే రోజులు పోగా, కోతల మోతలు పోగా, మిగిలిన నెలల్లో ఆ బండి ఎక్కడ, ఎలా నిలిచేదన్నదే ఈ వ్యాసానికి అసలు విషయం.

చెక్కకు దాహం ఉంటుంది

ఈ ప్రాంతపు రైతులకు తేమ శాతం అన్న మాటను వేరుగా వివరించనక్కరలేదు. వడ్ల కొనుగోలు కేంద్రంలో 17 శాతం, పత్తి కొనుగోలులో 8 నుంచి 12 శాతం అన్న లెక్కలు నోటికి వచ్చినవే. కొలిచే పద్ధతిలో తేడాలున్నా, చెక్కకూ ఇటువంటి లెక్కే ఉంది. నరికిన చెట్టు ఎండిపోయాక కూడా చెక్క చచ్చిన పదార్థం వలె ఊరుకోదు, చుట్టూ ఉన్న గాలిని బట్టి నీటిని పీల్చుతూ, వదులుతూ ఉంటుంది. గాలితో ఒప్పందానికి వచ్చి అది నిలబడే తేమను సమతౌల్య తేమ అంటారు. 30 డిగ్రీల వేడిలో గాలి ఆర్ద్రత 30 శాతం ఉంటే చెక్కలో తేమ సుమారు 6 శాతం దగ్గర నిలుస్తుంది, ఆర్ద్రత 85 శాతానికి పెరిగితే 17 శాతం దాకా వస్తుంది. అంటే నీటి చుక్క తగలకుండా నీడలోనే ఉన్న బండి కూడా మే నెల నుంచి ఆగస్టు నాటికి తన పొడి బరువులో పదో వంతు నీటిని గాలిలో నుంచే తాగుతుంది.

ఈ నీరు చేరేది చెక్క కణాల గోడల్లోకి. గోడలు నిండేదాకా చెక్క ఉబ్బుతుంది. గోడలు పూర్తిగా నిండి, కణాల లోపలి ఖాళీల్లోకి ఇంకా నీరు చేరని ఆ హద్దును తంతు సంతృప్త స్థానం అంటారు. చాలా రకాల చెక్కల్లో అది 28, 30 శాతాల మధ్య ఉంటుంది. ఉబ్బడమైనా ముడుచుకోవడమైనా అన్ని దిక్కులా ఒకేలా జరగదు. చెక్క పొడవునా మార్పు లెక్కలోకి రానంత స్వల్పం. అడ్డంగా మాత్రం పెద్దది, అందులోనూ చెట్టు వయసు వలయాల వెంబడి ఎక్కువ, కేంద్రం నుంచి బెరడు వైపుకు తక్కువ. నిలకడకు పేరుపొందిన టేకు సైతం పచ్చిదశ నుంచి పూర్తిగా ఎండే వరకు వలయాల వెంబడి 5.8 శాతం, కేంద్రం నుంచి బయటి వైపుకు 2.5 శాతం ముడుచుకుంటుంది. వెడల్పాటి పలకల్లో పగుళ్ళు ఎప్పుడూ పొడవునా సాగడానికి ఈ అసమానతే మూలం.

దీని ఫలితం బండి చక్రంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. నడుమ దిమ్మ, దాని నుంచి బయలుదేరే ఆకులు, ఆకుల కొసలను కలుపుతూ వంపు తిరిగిన పూటీలు, వాటన్నిటినీ బిగించి పట్టే ఇనుప పట్టా కలిస్తే చక్రం. కమ్మరి పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా కాస్త చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వేడికి సాగిన ఆ పట్టాను చక్రానికి ఎక్కించి, వెంటనే నీళ్ళు పోస్తాడు. ఒకటిన్నర మీటరు వ్యాసం గల చక్రానికి చుట్టుకొలత సుమారు 4.7 మీటర్లు, ఇనుము ప్రతి డిగ్రీకి తన పొడవులో పది లక్షల భాగాలకు 12 భాగాల వంతున సాగుతుంది కనుక, 500 డిగ్రీల వేడికి ఆ పట్టా దాదాపు 28 మిల్లీమీటర్లు పొడవవుతుంది. చల్లారినప్పుడు తిరిగి ఆ మేర ముడుచుకోబోయి, చెక్క అడ్డుపడడంతో, చక్రమంతటినీ నడుమ వైపు నొక్కి పెడుతుంది. మేకు అవసరం లేకుండానే కీళ్ళన్నీ బిగుసుకునే ఈ ఏర్పాటు గ్రామీణ సాంకేతిక విద్యలో అత్యంత సొగసైన వాటిలో ఒకటి.

వేసవిలో అదే పట్టా వదులై, బండి కదిలితే గలగలలాడుతుంది. ఎండకు ఇనుము సాగినందువల్లనే పట్టా జారుతోందన్న అభిప్రాయం సహజంగా కలుగుతుంది గాని, లెక్క వేస్తే అది పూర్తి నిజం కాదని తేలుతుంది. 27 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కిన పట్టా సాగేది 2 మిల్లీమీటర్ల లోపే. చెక్క వైపు చూస్తే, తేమ 17 శాతం నుంచి 6 శాతానికి పడిపోయినప్పుడు పది సెంటీమీటర్ల వెడల్పున్న టేకు పూటీ, కోసిన తీరును బట్టి, ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు సన్నబడుతుంది, నడుమ దిమ్మ కూడా తన వంతు తగ్గుతుంది. చక్రం అంచు రెండు మిల్లీమీటర్లు లోపలికి జరిగితే చుట్టుకొలతలో తేడా 12 మిల్లీమీటర్లు దాటుతుంది. దోషి ఇనుము కాదు, చెక్క. అంతకన్నా సరిగ్గా చెప్పాలంటే చెక్కలోంచి వెళ్ళిపోయిన నీరు.

అందుకే వదులైన చక్రాన్ని చెరువులో నానబెట్టడం పాత అలవాటు. మరునాటికి పట్టా బిగుసుకుంటుంది, పని జరుగుతుంది. కాని ఈ వైద్యంలో ఒక చిక్కు ఉంది. ఇనుప పట్టా లోపల ఉబ్బడానికి చోటు చాలని చెక్క తన కణాలనే తాను నలుపుకుంటుంది, అలా నలిగిన కణాలు ఎండినప్పుడు మునుపటి కొలతకు తిరిగి రాక, మొదటి కన్నా ఎక్కువగా ముడుచుకుంటాయి. ఏటా నానబెట్టిన చక్రం ఏటా కాస్త ఎక్కువ వదులవుతూ, కొన్నాళ్ళకు పట్టాను కోసి కురచ చేయించుకోవలసిన స్థితికి చేరుతుంది. నిలిపిన బండిని నడివేసవిలో ఎండకు వదలకపోవడమే, తరువాత నానబెట్టడం కన్నా మేలైన పని.

నాలుగు గుంజల కొట్టం

చెక్కను కుళ్ళబెట్టే శిలీంధ్రాలకు కావలసింది గాలీ, వెచ్చదనం, తడి. మొదటి రెండూ తెలంగాణలో ఏడాది పొడవునా దొరుకుతాయి కనుక మనిషి చేతిలో ఉన్నది మూడోదొక్కటే. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంత కాలం కుళ్ళు మొదలవదు. అది జోరుగా సాగాలంటే తేమ తంతు సంతృప్త స్థానానికి చేరువ కావాలి, లేదా దాన్ని దాటాలి. ఇక్కడే ఒక మంచి వార్త దాగి ఉంది. నీడలో, గాలి ఆడే చోట ఉన్న చెక్క ఆగస్టు నెల ముసురులో సైతం 17, 18 శాతం దగ్గరే ఆగుతుంది. కుళ్ళు పట్టించేంత నీరు తేమగాలి ఒక్కటే ఇవ్వలేదు, దానికి వాన నేరుగా తడపాలి, లేదా తడి నేలను చెక్క తాకి ఉండాలి, లేదా గాలి ఆడని మూతలో ఆర్ద్రత నూరు శాతానికి చేరాలి.

కనుక నాలుగు గుంజలు పాతి, పైన తాటాకో టేకాకో బెంగుళూరు పెంకో కప్పి, పక్కలు తెరిచి విడిచిన బండ్ల కొట్టం పేదరికపు ఏర్పాటు కాదు, లెక్క తెలిసిన ఏర్పాటు. కప్పు వానను ఆపుతుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలనూ ఆపుతుంది. చెక్కలో కణాలను జిగురులా అతికి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం ఆ కిరణాలకు విరిగిపోయి, వానకు కొట్టుకుపోగా, పైన మిగిలిన సెల్యులోజ్ నారలతోనే పాత బండి బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ బూడిద పొర చూపుకు దీనంగా ఉన్నా లోతు తక్కువ. ఎండ ఒక్కటే చెక్కను తినాలంటే నూరేళ్ళకు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే తినగలదు. అసలు అపాయం ఎండ తెరిచిన పగుళ్ళలో నిలిచే వాననీటిది. పక్కలు తెరిచి ఉన్నందున కొట్టంలో గాలి నిలవదు, పగలు ఎక్కిన తేమ పగలే దిగిపోతుంది.

నేల సంగతి మరొకటి. ఆదిలాబాద్ నల్లరేగడి నీటిని పట్టి ఉంచడంలో మేటి. మట్టి రేణువుల మధ్య సన్నని సందుల్లో నీరు దానంతట అదే పైకి పాకే గుణాన్ని కేశనాళికీయత అంటారు, దీపం వత్తిలో నూనె పాకినట్టే రేగడిలో నీరు పైకి పాకుతుంది. చక్రం ఆ నేల మీద నిలిస్తే చెక్క కూడా మరో వత్తి అవుతుంది, దాని వెంటే చెదలు వస్తాయి. చక్రాల కింద బండరాళ్ళు పెట్టి, కాడిని నేలకు ఆననీయకుండా కర్రల మీద నిలిపే అలవాటు ఈ వత్తిని తెంపడానికే. టేకు చేవలో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉండి చెదలను దూరం పెడుతుంది గాని, చేవ చుట్టూ ఉండే లేత తెల్లచెక్కలో ఆ రక్షణ లేదు. ఖరీదైన టేకు బండికి కూడా చెద పట్టిందంటే అక్కడ తెల్లచెక్కను వాడినట్టే అనుకోవచ్చు.

నూనె పూతల విషయంలో ఒక పొరపాటును ప్రస్తావించక తప్పదు. అన్ని నూనెలూ ఒకటి కావు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టి పొరగా మారుతుంది కనుక చెక్క పైపూతకు తగినది. ఆముదం ఎన్నాళ్ళయినా ఎండదు, అందుకే అది ఇరుసుకు పెట్టే కందెనకు శ్రేష్ఠం. ఆముదాన్ని బండికంతటికీ పూస్తే దుమ్మూ, ఆ దుమ్ముతో పాటు తేమా అంటుకుని ఉంటాయి తప్ప పొర ఏర్పడదు.

పరదా కింద వాన

కొట్టాలు పోయి కాంక్రీటు ఇళ్ళు వచ్చాక, ఎడ్లబండి స్థానంలో ట్రాక్టరూ ట్రాలీ, వాటి పక్కన వరికోత హార్వెస్టరూ చేరాయి. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి వచ్చే కాకతీయ కాలువ నీళ్ళు, ఆ తరువాత ఎత్తిపోతల నీళ్ళు కరీంనగర్ మాగాణిని పెంచినకొద్దీ కోత మిషన్ల అవసరమూ పెరిగింది. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి కోతలు ముగిశాక ఆ యంత్రం మళ్ళీ పొలంలో దిగేది అక్టోబరు చివర. నడుమ వచ్చే నాలుగైదు నెలలు కచ్చితంగా వానాకాలమే. లక్షల రూపాయల యంత్రం ఇంటి ముందు ఖాళీ జాగాలో, పచ్చి నేల మీద, నీలిరంగు టార్పాలిన్ నేల దాకా బిగించి కట్టిన స్థితిలో ఆ నెలలన్నీ గడుపుతుంది. ఎడ్లబండికి దక్కిన కొట్టం హార్వెస్టరుకు దక్కకపోవడం వింతే.

ఆ టార్పాలిన్ కింద ఏమి జరుగుతుందో తెలియాలంటే గాలి, ఆవిరి లెక్క ఒకసారి చూడాలి. 30 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటిఆవిరిని మోయగలదు, 10 డిగ్రీల వద్ద 9 గ్రాములకు కాస్త ఎక్కువ, 5 డిగ్రీల వద్ద 7 గ్రాముల లోపు. చల్లబడుతున్న గాలి తనలోని ఆవిరిని ఇక మోయలేక నీటిచుక్కలుగా విడిచిపెట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రతను తుషార స్థానం అంటారు. చలికాలపు ఆదిలాబాద్‌లో మధ్యాహ్నం 28 డిగ్రీలు, ఆర్ద్రత 40 శాతం ఉందనుకుంటే ఆ గాలిలో ఘనపు మీటరుకు 11 గ్రాముల ఆవిరి ఉంటుంది, దాని తుషార స్థానం 12, 13 డిగ్రీల దగ్గర. తెల్లవారుజామున ఊరి గాలి 8 డిగ్రీలకు దిగితే, తేట ఆకాశం వైపు తన వేడిని వెదజల్లుకునే రేకూ పరదా గాలి కన్నా మరి కొన్ని డిగ్రీలు చల్లబడతాయి. పరదా లోపలి వైపు నీరు దిగకపోతేనే ఆశ్చర్యపడాలి.

అయితే ఈ లెక్కలోనే ఒక మెలిక ఉంది. ఘనపు మీటరుకు రాలేది నాలుగు గ్రాములే. పరదా కింద చిక్కిన గాలి ఇరవై ఘనపు మీటర్లే అయితే మొత్తం నీరు ఎనభై గ్రాములు, ఒక చిన్న గ్లాసెడు కూడా కాదు. అంత కొద్ది నీటికి యంత్రమంతా కారుతున్నట్టు తడవదు. మిగిలిన నీటిని ఇచ్చేది కింది నేల. పగలు పరదా ఎండకు వేడెక్కి లోపలి నేలను ఆవిరి కక్కిస్తుంది, బిగించిన అంచులు ఆ ఆవిరిని బయటికి పోనివ్వవు, రాత్రి అది యంత్రం మీద నీరుగా దిగుతుంది, మరునాడు మళ్ళీ అదే. సారా బట్టీలో జరిగే పని ఇదే, సరుకు మాత్రం ఇక్కడ వట్టి నీరు. వానాకాలంలో నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది కనుక ఈ బట్టీ ఆగదు. దీన్ని ఆపడానికి పరదాను ఇంకా బిగించడం కాదు, కింద నేలను కప్పాలి. యంత్రాన్ని గచ్చు మీద నిలపడం, అది కుదరకపోతే మొరం పోసి దాని మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచడం, పైన కట్టే టార్పాలిన్ కన్నా ముందు చేయవలసిన పని.

ఇనుము తుప్పు విషయంలో శాస్త్రజ్ఞులు తడికాలం అనే కొలమానం వాడతారు. ఒక ఇనుప ముక్క ఏడాదిలో ఎన్ని గంటలు తడిగా ఉంది, లేదా ఆర్ద్రత 80 శాతం దాటిన గాలిలో ఉంది అన్నదే ఆ లెక్క. ఎంత నీరు తగిలిందన్నది దానిలోకి రాదు. బయట నిలిచిన ట్రాలీ మీద మంచు పడినా పొద్దెక్కిన గంటకో రెండు గంటలకో ఆరిపోతుంది. అదే బిగుతు పరదా కింద మధ్యాహ్నం దాకా తడిగా ఉంటుంది. తుప్పు పట్టడం ఒక చిన్న విద్యుత్ ఘటం పని వంటిది. నీటి పొర కింద ఆక్సిజన్ బాగా అందే చోటుకూ, అందని చోటుకూ మధ్య విద్యుత్ ప్రవాహం ఏర్పడి, ఆక్సిజన్ అందని చోటనే ఇనుము కరుగుతుంది. రెండు రేకుల అతుకులోనూ, బోల్టు తల కిందా, తడిసిన గడ్డి అంటుకున్న చోటా లోపల్లోపలే రంధ్రం పడటానికి కారణం అదే. తుప్పు అది పుట్టిన ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, మొదలైన తుప్పు పైరంగును ఎత్తి, మరింత నీటికి తావిస్తుంది.

హార్వెస్టరులో ఈ సమస్య రెట్టింపు, ఎందుకంటే దాని కడుపులో ఎప్పుడూ కొంత పొట్టూ, తాలూ, వరిగడ్డి ముక్కలూ మిగిలే ఉంటాయి. వరిగడ్డి తేమను పీల్చుకోవడమే కాక, పొటాషియం, క్లోరైడ్ లవణాలను కలిగి ఉంటుంది. తేమలో కరిగిన ఆ లవణాలు విద్యుత్ ప్రవాహానికి దారి చేసి తుప్పును తొందర చేస్తాయి. ఎలుకలకు పడకా అదే, ఆహారమూ అదే, ఆ తరువాత అవి కొరికే తీగల ఖర్చు వేరే. యాసంగి చివరి కోత ముగిసిన వారంలోనే, జూన్ మొదటి చినుకులు పడకముందే, ధాన్యం తొట్టినీ, జల్లెళ్ళనూ, నూర్పిడి డ్రమ్మునూ గాలితో ఊది శుభ్రం చేయడం వల్ల కలిగే మేలు ఖరీదైన ఏ కవరూ కలిగించలేదు. నీళ్ళతో కడిగితే, ఎండలో యంత్రాన్ని కాసేపు నడిపి ఆరబెట్టాకే నిలపాలి; కడిగి తడిమీదే కప్పడం కన్నా కడగకపోవడమే నయం.

తక్కినవి క్లుప్తంగా. డీజిల్ ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలోని గాలి రాత్రివేళ నీరు వదులుతుంది, నీరు డీజిల్ కన్నా బరువు కనుక అడుగున చేరి, అక్కడ సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టరును మూసేస్తాయి; నిండుగా నింపి నిలపడం మందు. పూర్తిగా ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ 12.6 వోల్టులకు పైన చూపాలి. వాడకపోయినా అది తనలో తాను ఖర్చవుతుంది, వేడి పెరిగినకొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది, కనుక తీగలు విప్పి నీడలో ఉంచి నెలకోసారి ఛార్జి చేయాలి. హైడ్రాలిక్ జాకీల మెరిసే కడ్డీలు లోపలికి ముడుచుకుని ఉండేలా ముందుండే కోత భాగాన్ని, అంటే హెడర్‌ను, దించి, అది నేలకు ఆనకుండా చెక్క దిమ్మల మీద ఉంచాలి. బెల్టులు వదులు చేయాలి. టైర్లను ఎండ నుంచీ, వీలైతే బరువు నుంచీ తప్పించాలి.

టార్పాలిన్ గురించి మరికొంత చెప్పాలి. ఊళ్ళలో దొరికే ప్లాస్టిక్ పరదా పాలిథీన్ దారాలతో నేసి రెండు వైపులా పల్చని పొర అతికించినది. అది వానను ఆపినంత గట్టిగానే ఆవిరినీ ఆపుతుంది. పాతకాలపు కిత్తాను గుడ్డ తీరు వేరు. నూలు దారాలు తడిసినప్పుడు ఉబ్బి నేతలోని సందులను మూస్తాయి, ఆరినప్పుడు ముడుచుకుని తిరిగి తెరుస్తాయి, వాన ఉన్నప్పుడు మూసుకుని వాన లేనప్పుడు ఊపిరి పీల్చే కప్పు అన్నమాట. గూడుబండి మీద వెదురు తడకకూ కొంత మేరకు ఈ గుణమే ఉంది. ప్లాస్టిక్ పరదాకు ఆ తెలివి లేదు కనుక ఆ తెలివిని కట్టే మనిషి చేర్చాలి: యంత్రానికి నేరుగా తగలనీయకుండా వెదురు గడల మీద గుడారంలా లేపి కట్టడం, నడిమి భాగం ఎత్తుగా ఉంచి నీరు గుంట కట్టకుండా చూడటం, అంచులను నేల నుంచి మోకాలెత్తులో ఆపి రెండు కొసలా గాలి దూరే దారి విడవడం. వేసవి చివర వచ్చే గాలిదుమారాలకూ రాళ్ళవానకూ గుడారం ఎగిరిపోకుండా తాళ్ళు మాత్రం గట్టిగా ఉండాలి. పరదా వదులుగా కొట్టుకుంటే రంగును గరుకు కాగితంలా అరగదీస్తుంది. ఎండకు పాలిథీన్ అణువుల గొలుసులు తెగి పరదా పొడిలా రాలడం మొదలైతే, అతుకులు వేయకుండా మార్చడమే లాభం.

నలుగురు రైతులు కలిసి, పక్కలు తెరిచిన ఒక రేకుల షెడ్డు వేసుకుని, అందులో గచ్చు పోసి, తమ యంత్రాలన్నీ వానాకాలంలో అక్కడే నిలపగలిగితే ఈ పరదాల బాధ చాలా వరకు తీరుతుంది. అది కుదిరేదాకా, టార్పాలిన్ మేలు చేస్తోందో కీడు చేస్తోందో తెలుసుకోవడానికి పరికరం ఏదీ అవసరం లేదు: వాన లేని రాత్రి గడిచాక పొద్దు రెండు బారలెక్కిన వేళ పరదా అంచు ఎత్తి, లోపలి వైపు అరచేయి ఆనించాలి, తడి తగిలితే అది వానది కాదు, వెంటనే కట్లు సడలించి రెండు కొసలూ తెరవాలి.